కాగితం తప్పా, పని తప్పా?

ఈసారి ఉత్తరం ఒక మెషిన్ షాప్‌లో క్వాలిటీ విభాగం చూసుకునే ఆవిడ నుంచి వచ్చింది. పేరూ వివరాలూ బయటపెట్టొద్దన్నారు. ఉత్తరం బాగా పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులు నా మాటల్లో చెబుతాను.

ఆవిడ ఇన్‌స్పెక్టర్‌గా చేరారు. పైనున్న మేనేజర్ మానేసి వెళ్లడంతో ఆ బాధ్యత ఈమె మీద పడింది. దాంతోపాటు ఐఎస్‌ఓ 9001 (నాణ్యత నిర్వహణకు అంతర్జాతీయ ప్రమాణం) కోసం ఎప్పుడో తయారు చేయించిన ప్రొసీజర్లు, అంటే ఏ పని ఎలా చేయాలో చెప్పే కాగితాలు, ముప్పై ఎనిమిది, మూడు లావుపాటి ఫైళ్లలో, చేతికొచ్చాయి. అన్నీ ఇంగ్లిష్‌లోనే. ఎవరో కన్సల్టెంట్ ఇంకెవరికో రాసినవాటికి పేరు మార్చి ఇచ్చినట్టున్నారు. ఒక పేజీలో ఆ పాత కంపెనీ పేరు అలాగే ఉండిపోయింది కూడా.

మొన్నటి సర్వైలెన్స్ ఆడిట్‌లో (సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థ మధ్యమధ్యలో చేసే తనిఖీలో) ఆడిటర్ ‘ఫస్ట్ పీస్ అప్రూవల్’ ప్రొసీజర్ చేత్తో పట్టుకుని షాప్‌లోకి నడిచారు. దాని ప్రకారం సెట్టర్ (మెషిన్‌ను పనికి సిద్ధం చేసే మనిషి) మొదటి పీస్‌ను క్యూసీ రూంకి, అంటే నాణ్యత తనిఖీ గదికి పంపి, సంతకం వచ్చేదాకా మెషిన్ ఆపి ఉంచాలి. ఆయన వెళ్లేసరికి మెషిన్ నడుస్తోంది, ట్రేలో పీసులు పేరుకుని ఉన్నాయి, రిజిస్టర్‌లో సంతకం గడి ఖాళీగా ఉంది. ఎన్‌సీ (నాన్‌కన్‌ఫార్మిటీ, అంటే నిబంధన ప్రకారం జరగలేదన్న నమోదు) రాశారు. కంపెనీ తరఫున ‘శిక్షణ లోపం’ అని కారణం రాసి, అందరినీ కూర్చోబెట్టి ప్రొసీజర్ చదివి వినిపించి, హాజరు పట్టీ మీద సంతకాలు తీసుకున్నారు. ఆ మరుసటి వారమే ఈవిడ రౌండ్‌కి వెళ్తే మళ్లీ అదే దృశ్యం.

ఇప్పుడు యజమాని, వచ్చే ఆడిట్‌లోపు ప్రొసీజర్లన్నీ తిరగరాయమన్నారు, ‘ఎవరూ వేలెత్తి చూపకుండా’. ఈవిడ క్యాలిబ్రేషన్‌తో (కొలత పరికరాలు సరిగ్గా చూపిస్తున్నాయో లేదో పరీక్షించే పనితో) మొదలుపెట్టి ఇరవై రెండు పేజీలు రాశారు. ఒక్కరూ చదవలేదు. సీనియర్ సూపర్‌వైజర్ అందరి ముందూ, “నేను ఈ మెషిన్ల మీద పనిచేస్తున్నప్పుడు నువ్వు బడికి వెళ్తున్నావమ్మా, నాకు కాగితం చూపించి పని నేర్పుతావా?” అన్నారు. దీనికి తోడు ఆడిట్‌కు ముందురోజు రిజిస్టర్లలో ఖాళీ గడులు నింపడం అక్కడ ఆనవాయితీ అట. ఈసారి ఆ పని ఈవిడను దగ్గరుండి చేయించమన్నారు. “కాగితాన్ని వాళ్లు చేసేదానికి తగ్గట్టు మార్చేయాలా, వాళ్లనే కాగితానికి తగ్గట్టు మార్చాలా? అసలు నాకు రాయడమే రాదేమో. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. వేరే ఉద్యోగం చూసుకోమంటారా?” అని అడిగారు.

అమ్మా, మీకు రాయడం రాదంటే నేను నమ్మను. ఎవరు ఏం చేశారు, దాని తర్వాత ఏం జరిగింది, ఎక్కడ ఆగింది అన్నది ఇంత చిక్కు వ్యవహారంలోనూ నాకు తేలిగ్గా అర్థమయ్యేలా రాశారు. ప్రొసీజర్‌కి కావాల్సిన నేర్పు అదే. కాకపోతే ఉత్తరం రాసేటప్పుడు మీరు నన్ను దృష్టిలో పెట్టుకున్నారు, ప్రొసీజర్ రాసేటప్పుడు ఆడిటర్‌ని దృష్టిలో పెట్టుకున్నారు. ఇరవై రెండు పేజీలు అందుకే వచ్చాయి.

ముందుగా ఆ ముప్పై ఎనిమిది అనే అంకెను చూసి భయపడకండి. 1994 నాటి ఐఎస్‌ఓ 9001లో ఇరవై అంశాలుండేవి, దాదాపు ప్రతిదానికీ రాతపూర్వక ప్రొసీజర్ అడిగేవారు. మీ ఫైళ్లకు మూలం ఆ కాలపు అలవాటే అయుంటుంది. 2000లో వచ్చిన రూపంలో తప్పనిసరిగా రాయాల్సినవి ఆరుకు తగ్గాయి: డాక్యుమెంట్ల నియంత్రణ, రికార్డుల నియంత్రణ, ఇంటర్నల్ ఆడిట్, నాసిసరుకు నియంత్రణ, కరెక్టివ్ యాక్షన్ (జరిగిన తప్పు మళ్లీ జరగకుండా చేసే పని), ప్రివెంటివ్ యాక్షన్ (తప్పు జరగకముందే ఆపే పని). 2015 రూపం ఆ ఆరింటినీ కూడా పేరు పెట్టి అడగడం మానేసింది. క్వాలిటీ మాన్యువల్ సైతం తప్పనిసరి కాదు. పని సరిగ్గా నడవడానికి ఎంతమేరకు అవసరమో అంతమేరకు రాసి పెట్టుకోండి, పని జరిగిందనడానికి రుజువుగా రికార్డులు ఉంచుకోండి అంటుంది, అంతే. ఎంత రాయాలన్నది సంస్థ పరిమాణాన్ని బట్టి, పని ఎంత క్లిష్టమైనదన్నదాన్ని బట్టి, చేసేవాళ్ల సామర్థ్యాన్ని బట్టి మారుతుందని 7.5.1 క్లాజు కింద నోట్‌లో స్పష్టంగానే ఉంది. మీ యజమానికి ఆ నోట్ చూపించండి. వాహనాల విడిభాగాలో వైద్య పరికరాలో మీ సరుకైతే మాత్రం కాస్త జాగ్రత్త: వాటి ప్రమాణాలైన ఐఏటీఎఫ్ 16949 (వాహనాలకు), ఐఎస్‌ఓ 13485 (వైద్య పరికరాలకు) లాంటివి రాతపూర్వకంగా ఉండాలని ఇప్పటికీ చాలాచోట్ల అడుగుతాయి. కస్టమర్ ఒప్పందాల్లోనూ షరతులుండొచ్చు. ఏదైనా ప్రొసీజర్ తీసేసే ముందు ఆ రెండూ చూసుకోవాలి.

ఇక మీ అసలు ప్రశ్న. కాగితాన్ని మార్చాలా, మనుషుల్నా?

‘చేసేదే రాయి, రాసిందే చెయ్యి’ అని ఈ రంగంలో అందరూ అంటుంటారు. వినడానికి బాగుంటుంది గానీ, చేస్తున్నదే తప్పయితే దాన్ని నీట్‌గా టైప్ చేసి సంతకం పెట్టినంత మాత్రాన ఒప్పవదు. అలాగని కాగితం మీద ఉంది కాబట్టి అదే సరైనదని కూడా అనుకోనక్కర్లేదు. మీ ప్రొసీజర్లు ఇంకొకరి కొలతలకు కుట్టిన చొక్కాలు. అందుకని ముప్పై ఎనిమిదింటికీ కలిపి ఒకే జవాబు వెతక్కండి. కాగితానికీ పనికీ పొంతన లేని ప్రతిచోటా విడిగా నిలబడి, ఇది ఎందుకిలా జరుగుతోందని అడగండి. ఆ ఎన్‌సీ వచ్చిన చోటే మొదలుపెడదాం.

మీ ఉత్తరంలో వేరే ఏదో చెబుతూ, మాటవరసకి ఒక వాక్యం రాశారు: రాత్రి షిఫ్ట్‌లో ఇన్‌స్పెక్టర్ ఒక్కరే, షెడ్లు రెండు అని. నాకు మొత్తం ఉత్తరంలో అన్నిటికంటే విలువైన సమాచారం అదే అనిపించింది. సెట్టర్ స్థానంలో ఉండి చూడండి. టూల్ మార్చాడు, మొదటి పీస్ తీశాడు. ఇన్‌స్పెక్టర్ అవతలి షెడ్‌లో ఉన్నారు, ఎప్పుడొస్తారో తెలీదు. షిఫ్ట్ అయ్యేసరికి ఇన్ని పీసులు కావాలని బోర్డు మీద రాసి ఉంది. తన చేతిలో మైక్రోమీటర్ ఉంది, కొలిచాడు, సరిగ్గానే ఉంది, మెషిన్ ఆన్ చేశాడు. ఆ మనిషిని నిలబెట్టి ‘ప్రొసీజర్ ఏం చెబుతోంది?’ అని అడగండి, తడుముకోకుండా అప్పజెబుతాడు. తెలిసీ అలా చేస్తున్నవాడికి మళ్లీ చదివి వినిపిస్తే ఏమొస్తుంది? కాబట్టి శిక్షణ లోపం అన్న కారణం నిలబడదు. 10.2 క్లాజు అడిగేది ఆ పొరపాటు ఎందుకు జరిగిందో, అలాంటిదే ఇంకెక్కడైనా ఉందో చూడమని. ఆ ఎందుకుకి జవాబు మీరు రాసిన ఆ చిన్న వాక్యంలోనే ఉంది.

ఇక్కడ మీకు మూడు దారులున్నాయనుకుంటాను.

ప్రొసీజర్‌ను ఉన్నది ఉన్నట్టు ఉంచి, రాత్రికి ఇంకో ఇన్‌స్పెక్టర్‌ని అడగడం ఒకటి. ఇది శుభ్రమైన దారి, ఖర్చున్న దారి. యజమాని ఒప్పుకుంటే గొడవే లేదు. ఒప్పుకోకపోతే కనీసం ఒక మేలుంది: ఆ నిబంధన పాటించడానికి మనిషి లేరన్న సంగతి అప్పటిదాకా షాప్‌లో ఉన్నవాళ్లకే తెలుసు, ఇప్పుడు నిర్ణయం తీసుకునేవారికీ తెలుస్తుంది. నోటిమాటగా కాకుండా మెయిల్‌లో అడగండి.

రెండోది, సెట్టరే మొదటి పీస్‌ను కొలిచి మొదలుపెట్టడాన్ని అధికారికంగా ఒప్పుకోవడం. ఒప్పుకోవడమంటే వదిలేయడం కాదు. ఎవరెవరికి ఆ అధికారముందో పేర్ల జాబితా ఉండాలి, ఆ జాబితాలోకి రావడానికి ఏం చేసి చూపించాలో ఉండాలి, కొలిచిన అంకెలు అతనే రాయాలి, ఇన్‌స్పెక్టర్ వచ్చి మళ్లీ చూసేదాకా ఆ పీసులు వేరే ట్రేలో ట్యాగ్‌తో ఆగాలి. దీని లాభం, రాత్రి నిజంగా జరుగుతున్నదే కాగితం మీదికి వస్తుంది. నష్టం, సెట్టర్ కొలత తప్పితే ఆ ట్రే మొత్తం తిరిగి చూడాల్సి వస్తుంది. క్లిష్టమైన కొలతలున్న భాగాలకు ఈ దారి నేనైతే ఒప్పుకోను. వాటికి పాత నిబంధన ఉంచి, మామూలు భాగాలకు ఇది పెట్టుకోవచ్చు. కస్టమర్ ఒప్పందంలో ‘క్యూసీ అనుమతి తర్వాతే’ అని ఉంటే ఈ ఆలోచన అక్కడికక్కడే ఆపేయాలి.

మూడోది ఏమీ మార్చకుండా ఉండటం, అంటే సంతకాలు తర్వాత నింపుకోవడం. ఇదీ ఒక ఎంపికే, ప్రస్తుతం మీ షాప్ ఎంచుకున్నది ఇదే. దాని ఖరీదు గురించి కింద చెబుతాను.

నాకు రెండో దారి వైపే మొగ్గుంది. కానీ భాగాలు చూసింది మీరు, నేను కాదు.

రాయడం సంగతికొద్దాం. అదే ప్రొసీజర్‌లో తనిఖీ గురించి ఉన్న వాక్యాన్ని మీరు తెలుగులో చెప్పారు: ‘మొదటి పీస్ సంబంధిత సిబ్బందిచే సకాలంలో తగిన పరికరాలతో తనిఖీ చేయబడును.’ ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు, ఎందుకంటే ఏమీ చెప్పలేదు. సంబంధిత సిబ్బంది ఎవరు? తగిన పరికరం ఏది? చేయబడును అనగానే చేసే మనిషి మాయమైపోయాడు. రెండో దారి ఎంచుకున్నారనుకుని అదే వాక్యాన్ని ఇలా రాసి చూడండి: ‘టూల్ మార్చాక గానీ, సెట్టింగ్ మార్చాక గానీ, కొత్త బ్యాచ్ మొదలుపెట్టేటప్పుడు గానీ సెట్టర్ మొదటి పీస్ తీసి, డ్రాయింగ్‌లో గుండ్రం చుట్టి ఉన్న కొలతలన్నీ కొలుస్తాడు. అంకెలు మెషిన్ దగ్గరి షీట్‌లో రాస్తాడు. ఏ ఒక్క కొలత హద్దు దాటినా మెషిన్ నడపడు, పీస్‌కు ఎర్ర ట్యాగ్ కట్టి సూపర్‌వైజర్‌ని పిలుస్తాడు. అన్నీ సరిపోతే నడుపుతాడు, పీసులు పసుపు ట్రేలో వేస్తాడు. ఇన్‌స్పెక్టర్ షీట్ మీద సంతకం పెట్టేదాకా ఆ ట్రే కదలదు.’ మొదటిదానికంటే పెద్దదే. కానీ ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎవరు చేయాలి, ఎంతుంటే చాలు, సరిపోకపోతే ఏం చేయాలి అన్న నాలుగూ ఇందులో ఉన్నాయి. చాలా ప్రొసీజర్లలో ఆ నాలుగోదే ఉండదు. అంతా సవ్యంగా జరిగిన రోజుకి ఎవరికీ కాగితం అక్కర్లేదు. అర్ధరాత్రి కొలత తప్పినప్పుడు ఎవరిని పిలవాలో తెలియక, సర్దుకుపోదామనుకునే మనిషి కోసమే రాయాలి.

దీన్నే మీ క్యాలిబ్రేషన్ ప్రొసీజర్‌కి పెట్టి చూడండి. ఇరవై రెండు పేజీల్లో ఉద్దేశం, పరిధి, నిర్వచనాలు, సంక్షిప్త పదాలు, ప్రమాణాల జాబితా వచ్చాయన్నారు. ఒక మైక్రోమీటర్ క్యాలిబ్రేషన్‌కి వెళ్లి, తప్పు చూపిస్తోందని తేలిందనుకోండి. దాంతో ఇన్నాళ్లూ కొలిచిన భాగాల సంగతేమిటి, వాటిని ఎవరు వెతకాలి, కస్టమర్‌కి వెళ్లిపోయినవాటిపై నిర్ణయం ఎవరిది అన్నది మీ పేజీల్లో ఎక్కడైనా ఉందా? మీ ఉత్తరంలో చెప్పిన విషయ సూచికలో నాకు కనబడలేదు. 7.1.5.2 క్లాజు నిర్దిష్టంగా అడిగేది అదే: పరికరం పనికిరాదని తేలితే ముందటి కొలతల మీద దాని ప్రభావం పడిందేమో చూడాలని. అది ఒక అరపేజీ. ఏ పరికరం ఎప్పుడు క్యాలిబ్రేషన్‌కి వెళ్లాలన్నది ఒక పట్టిక. ఆపరేటర్‌కి కావాల్సింది మెషిన్ దగ్గర ఒక కార్డు: షిఫ్ట్ మొదట్లో మైక్రోమీటర్ రెండు ముఖాలూ గుడ్డతో తుడువు, రాచెట్ తిప్పి మూయి, సున్నా చూడు, గీత కలవకపోతే వాడకుండా క్యూసీకి ఇచ్చి వేరేది తీసుకో. పక్కన రెండు ఫొటోలు, కలిసినప్పుడు ఎలా ఉంటుందో, కలవనప్పుడు ఎలా ఉంటుందో. మిగతా పేజీలు మీకు ప్రాణంగా ఉంటే మీ దగ్గరే ఉంచుకోండి, నేను కాదనను.

ఆ కార్డు తెలుగులో ఉండాలి. అంటే మీ షాప్‌లోవాళ్లు తడుముకోకుండా చదివే భాష ఏదైతే అందులో. ఐఎస్‌ఓ అంటే ఇంగ్లిష్‌లోనే ఉండాలన్నది ఎక్కడ పుట్టిన నమ్మకమో గానీ, 7.5.2 క్లాజులో డాక్యుమెంట్ రూపం గురించి చెబుతూ భాష, బొమ్మలు అన్నవాటిని కూడా మీరే తగినట్టు ఎంచుకోవాలనే ఉంది. ఆడిటర్‌కి అర్థం కాకపోతే పక్కన నిలబడి చెప్పండి.

ఇంకో మాట. కాగితం మీద మాట ఇచ్చేటప్పుడు పొదుపుగా ఇవ్వండి. ‘ప్రతి గంటకూ’, ‘ప్రతిరోజూ’, ‘వంద శాతం’ అని రాసేటప్పుడు చేతికి అడ్డేమీ ఉండదు. ఆ ప్రమాణం అడగనిదాన్ని మీరే రాసుకుంటారు, ఆడిటర్ వచ్చి మీ మాటతోనే మిమ్మల్ని పట్టుకుంటారు. ఎవరూ వేలెత్తి చూపకుండా రాయాలన్న యజమాని కోరికతో వచ్చే ప్రమాదమూ ఇదే. ఎంత గట్టిగా రాస్తే అన్ని వేళ్లు. మనుషుల పేర్లు, ఫోన్ నంబర్లు, తరచూ మారే జాబితాలు ప్రొసీజర్‌లో పెట్టకండి, విడిగా ఉంచి దాన్ని ప్రస్తావించండి. లేకపోతే ఒక సెట్టర్ మానేసినప్పుడల్లా కొత్త రివిజన్ తీయాల్సి వస్తుంది. కొత్త రివిజన్ ఇచ్చిన రోజే పాతది మెషిన్ పక్కనుంచి పీకి తెచ్చుకోండి. టేపు వేసి అంటించిన పాత కాగితాలు నాలుగు రివిజన్లయినా అలాగే ఉంటాయి, జనం చూసేది వాటినే.

రాశాక సరిచూడటానికి నాకు తెలిసిన మంచి పద్ధతి ఒక్కటే. ఆ పని తెలిసిన, కానీ రాయడంలో పాలుపంచుకోని వేరే షిఫ్ట్ మనిషికి కాగితం ఇచ్చి, దీని ప్రకారం చెయ్యమనండి. మీరు పక్కన నిలబడి నోరు మెదపకండి. అతను ఎక్కడ ఆగాడో, ఎక్కడ మీ మొహం వైపు చూశాడో అక్కడ పెన్సిల్‌తో గీత గీయండి. నోరు మెదపకుండా ఉండటమే ఇందులో కష్టం.

సూపర్‌వైజర్ గారి సంగతి. అందరి ముందూ అనడం తప్పే, అందులో రెండో మాట లేదు. కానీ ఆయన మాటలో కోపం పక్కనపెడితే ఒక నిజముంది. తనకు తెలిసిన పనిని తనను అడక్కుండా ఎవరో బయటివాళ్లు రాసిన ఇంగ్లిష్ కాగితం తెచ్చి చూపిస్తే ఎవరికైనా మండుతుంది. మీరు రాయలేదు, నిజమే. ఆయనకు మాత్రం ఆ కాగితాలన్నీ క్వాలిటీవాళ్ల కాగితాలే.

అనుభవం ఉన్నవాడికి కాగితం ఎందుకన్న ప్రశ్నకు నా దగ్గర ఒక జవాబుంది. 1935 అక్టోబర్ 30న అమెరికా సైన్యానికి చూపించడానికి తెచ్చిన బోయింగ్ మోడల్ 299 విమానం పైకి లేచిన కాసేపటికే కూలిపోయింది. నడిపింది కొత్తవాడు కాదు, సైన్యం తరఫున విమానాలను పరీక్షించే పైలట్. నేల మీద ఉన్నప్పుడు విమానాన్ని తిప్పే పలకలు గాలికి కదలకుండా వేసే తాళం తీయడం మర్చిపోయారు. ఆ తర్వాతే పైలట్లకు చెక్‌లిస్ట్ అలవాటు చేశారు. అందులో విమానం నడపడం ఎలాగో ఉండదు, అది వాళ్లకు వచ్చు. తెలిసినవాళ్లు కూడా మర్చిపోయేవి మాత్రమే ఉంటాయి. మీ కాగితం కూడా అలాంటిదైతే ఆయనకు పని నేర్పినట్టు ఉండదు. ఈ కథ ఆయనకు చెప్పమని కాదు, చెప్తే ఇంకాస్త మండుతుంది. రాసేటప్పుడు మీ మనసులో ఉంచుకోండి.

ఆయన దగ్గరికి కాగితం లేకుండా వెళ్లండి. ఖాళీ సమయం చూసుకుని, పక్కన ఎవరూ లేనప్పుడు, “సార్, కొత్తగా వచ్చిన సెట్టర్ మొదటి నెలలో ఎక్కడెక్కడ తప్పు చేస్తాడు? మీరు ఏం చూసి పట్టుకుంటారు?” అని అడగండి. ఇలాంటి ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఉండగలిగిన పాతకాపుని నేనింతవరకు చూడలేదు. చెప్పింది రాసుకుని, ఆయన మాటల్లోనే మళ్లీ తెచ్చి చూపించండి. అప్రూవల్ గడిలో ఆయన సంతకమే ఉండేలా చేయండి. ఇది పనిచేస్తే మీకు రెండు లాభాలు: కాగితం నిజానికి దగ్గరగా ఉంటుంది, షాప్‌లో దాన్ని వెనకేసుకొచ్చే మనిషి మీరు కాక ఇంకొకరు ఉంటారు. మూల్యం ఏమిటంటే, ఆయన అలవాట్లలో పనికిరానివి కూడా ప్రొసీజర్‌లోకి వచ్చే అవకాశముంది. వాటిని అక్కడికక్కడే వాదించకుండా, మిగతా షిఫ్ట్‌లవాళ్లు అదే పని ఎలా చేస్తున్నారో పక్కపక్కన పెట్టి చూపించండి.

ఆయన అప్పటికీ మొహం తిప్పుకుంటే, సానుకూలంగా ఉన్న వేరే షిఫ్ట్ సూపర్‌వైజర్‌తో ఒక్క ప్రొసీజర్ నడిపి చూపించొచ్చు. నెమ్మదిగా సాగే పని, పోటీగా కనిపించే ప్రమాదమూ ఉంది. యజమాని దగ్గరికి వెళ్లి చెప్పించడం ఆఖరి దారి. ఆ రోజుకి మాట నెగ్గుతుంది, ఆ తర్వాత మీరు లేని షిఫ్ట్‌లో ఆ కాగితానికి గతి ఉండదు.

ఇప్పుడు రిజిస్టర్లు నింపే వ్యవహారం. మీ ఉత్తరంలో దీన్ని చివర్లో రెండు లైన్లలో తేల్చేశారు గానీ, మీ నిద్ర చెడుతున్నది దీని వల్లేనని నాకనిపిస్తోంది.

ఆలస్యంగా రాయడం వేరు, లేనిది రాయడం వేరు. పని జరిగింది, కొలత వేరే షీట్‌లోనో మెషిన్‌లోనో ఉంది, రిజిస్టర్‌లో ఎక్కించడం మర్చిపోయారు. అలాంటప్పుడు ఈరోజు తేదీ వేసి, ‘ఆలస్యంగా నమోదు’ అని రాసి, ఆ సమాచారం ఎక్కడ నుంచి తీసుకున్నారో రాసి, చేసిన మనిషే సంతకం పెట్టొచ్చు. అందులో దాచేదేమీ లేదు. పని జరిగిందో లేదో ఎవరికీ తెలియదు, అయినా పాత తేదీ వేసి అంకెలు పుట్టించడమంటే అది దొంగ రికార్డు. రుజువుగా ఉంచిన రికార్డులను అవాంఛిత మార్పుల నుంచి కాపాడాలని 7.5.3 క్లాజే చెబుతోంది. క్లాజు అటుంచి, ఖాళీ గడులకు సాధారణంగా వచ్చేది ఒక చిన్న ఎన్‌సీ. ఒకే ఇంకుతో, ఒకే చేతిరాతతో నెల రోజుల అంకెలు వరసగా కనబడితే, అనుభవమున్న ఆడిటర్ ఆ తర్వాత మీరు చూపించే ఏ రిజిస్టర్‌నీ నమ్మరు. ఎప్పుడో ఒక చెడ్డ భాగం కస్టమర్ దగ్గర విరిగితే, ఆ తేదీ దగ్గర సంతకం ఎవరిదని వెతుక్కుంటూ వచ్చేది మీ దగ్గరికే.

నేను చేయను అని మొహం మీద చెప్పొచ్చు. సరైన మాటే, కానీ యజమానికి అందులో కనిపించేది ఎదురుతిరగడం. ఇంకో దారి: ఇప్పుడే, ఆడిట్‌కి చాలా ముందుగానే, మీరే ఇంటర్నల్ ఆడిట్ చేసి ఆ ఖాళీలను ఎన్‌సీగా రాయండి. కారణం వెతకండి, సరిదిద్దే చర్య మొదలుపెట్టండి. బయటి ఆడిటర్ వచ్చేసరికి ఖాళీలు ఉంటాయి, వాటిని మీరే పట్టుకుని బాగుచేస్తున్నారన్న రుజువూ ఉంటుంది. సాధారణంగా ఆడిటర్లు దీన్ని వ్యవస్థ పనిచేస్తోందనడానికి గుర్తుగానే తీసుకుంటారు. యజమానికి ఈ మాట ‘తప్పు’ అన్న భాషలో కాకుండా ‘ఎందులో నష్టం తక్కువ’ అన్న భాషలో చెప్పండి. ఒక గడి ఎప్పుడూ ఖాళీగానే ఉంటోందంటే, అసలు ఆ గడి అవసరమా అని కూడా చూడండి. ఎవరూ ఎప్పుడూ తిరిగి చూడని అంకెల కోసం రోజూ రాయించే ఫార్మాట్లు ప్రతిచోటా ఉంటాయి. ఆ గడి తీసేస్తే రెండు పక్షాలకీ మేలు.

వచ్చే ఆడిట్‌లోపు ముప్పై ఎనిమిదీ తిరగరాయడం కుదరని పని. కుదిరినా చేయొద్దంటాను. ఒక్కసారిగా అన్నీ మారిస్తే షాప్‌లో ఏదీ అలవాటు కాదు, ఆడిటర్ వచ్చేసరికి కాగితానికీ పనికీ దూరం ఇప్పటికంటే పెరుగుతుంది. చెడ్డ భాగం కస్టమర్ దాకా వెళ్లే దారులు ఎక్కడున్నాయో చూసి ఆ నాలుగైదు ముందు పట్టుకోండి: ఫస్ట్ పీస్, వచ్చిన సరుకు తనిఖీ, నాసి భాగాల్ని వేరు చేయడం, కొలత పరికరాలు, చివరి విడుదల. ఎవరూ వాడని, ఎవరూ అడగని ప్రొసీజర్లను రద్దు చేసినట్టు మాస్టర్ లిస్ట్‌లో (డాక్యుమెంట్లన్నిటి జాబితాలో) చూపించి పక్కన పెట్టండి. మిగతావాటికి ఏది ఎప్పటికి చేస్తామో ఒక ప్రణాళిక రాసి యజమాని సంతకం తీసుకోండి. ఆయన అన్నీ కావాల్సిందేనంటే, పాతవాటినే పేరు మార్చి పెట్టడం తప్ప వేరే దారి ఉండదనీ, మొన్నటి ఎన్‌సీ అలాంటి కాగితం మీదే వచ్చిందనీ గుర్తుచేయండి.

వేరే ఉద్యోగం గురించి ఇప్పుడే తేల్చుకోకండి. సూపర్‌వైజర్ మాట కోసమైతే మానేయాల్సిన పనిలేదు, ఆయనలాంటివాళ్లు ప్రతి షాప్‌లోనూ ఒకరుంటారు. రిజిస్టర్ల విషయంలో మీరు చూపించిన దారి కూడా కాదని, పాత తేదీలతో మీ చేతే సంతకం పెట్టించాల్సిందేనని యజమాని పట్టుబడితే అప్పుడు వెతుక్కోవడం మొదలుపెట్టండి. వెతుక్కుంటూ కూడా ఆ సంతకం పెట్టకండి.

ఈలోగా చూసుకోవాల్సింది ఒకటుంది. ఆ ఎన్‌సీకి మీ కంపెనీ పంపిన జవాబు సర్టిఫికేషన్ సంస్థ దగ్గర ఇంకా మూసేయకుండా ఉందేమో కనుక్కోండి. ఉంటే, ‘శిక్షణ లోపం’ స్థానంలో అసలు కారణం రాసి సవరించిన జవాబు పంపుతామని అడగొచ్చు. మూసేసి ఉంటే, మరుసటి వారం రౌండ్‌లో మీరు చూసినదాన్ని మీ తేదీతో మీరే కొత్త ఎన్‌సీగా నమోదు చేయండి. రాత్రి షిఫ్ట్ ఇన్‌స్పెక్టర్ సంగతి దాని కారణంలో రాయండి. యజమానికి పంపాల్సిన మెయిల్‌కి దాన్నే జతచేయొచ్చు.